తోడు కాలు

డీజిల్ ధర మళ్ళీ పెరిగిన ఆ వేసవిలో రోడ్ల మీద మొదట తగ్గింది బండ్లు కాదు, చప్పుడు. డ్రైవర్లు రైలు గేటు దగ్గర ఇంజను ఆపేసి చెమటలో కూర్చునేవారు. పల్లం కనిపిస్తే గేరు తీసి న్యూట్రల్‌లో జార్చేవారు. అది ప్రాణం మీదికి తెచ్చే అలవాటని ప్రతి ఒక్కరికీ తెలుసు, అయినా జార్చేవారు. చల్లటి వేళ డీజిలు చిక్కగా ఉంటుందని నమ్మి, పొద్దు పొడవకముందే బంకుల దగ్గర వరస కట్టేవారు. ఆ తర్వాత యజమానులు క్లీనర్లను మాన్పించారు. ఒక మనిషి బరువు, ఒక మనిషి భోజనం. ఖాళీ అయిన పక్క సీటు మీద కొందరు నీళ్ళ డబ్బా పెట్టుకున్నారు. కొందరు ఏమీ పెట్టలేదు.

ఇళ్ళలోనూ ఒక మాట పుట్టింది. ఎవరినైనా రమ్మంటే, “ధర దిగాక వస్తాంలే” అనేవారు. మొదట్లో అది నిజమైన కారణం. తర్వాత అది మర్యాద. చివరికి అది అలవాటు.

ఒంగోలు శివార్లలో, ఒకప్పుడు పొగాకు నిల్వ చేసిన గిడ్డంగిలో, నరాల కదలికల మీద పరిశోధించే విరజ ప్రయోగశాల ఉండేది. గోడలకు ఎన్నిసార్లు సున్నం వేసినా పొగాకు ఘాటు పోలేదు. గిడ్డంగి నడుమ ఒక లారీ ముందుభాగం మాత్రం, స్టీరింగు, సీటు, పెడళ్ళతో నేలకు బిగించి ఉండేది. ఎదుట గోడంత తెర. తెర మీద పొదిలి రోడ్డు అటూ ఇటూ జామాయిల్ తోటలతో కదిలి వస్తుండేది.

కొన్నేళ్ళ తర్వాత, మరో వేసవిలో, ఆ సీటులో అంకమరావు కూర్చుని ఉన్నాడు. వయసంతా చీమకుర్తి నుంచి రేవుకు గ్రానైటు రాళ్ళు తోలినవాడు. కుడి పిక్కకు ఒక పట్టీ చుట్టి ఉంది. నరంలో పుట్టే కదలికను కండరం కన్నా ముందే అది పట్టుకుంటుంది. విరజ పక్కన నిలబడి, ఆ కదలిక చిన్న తెర మీద గీస్తున్న గీతను చూస్తోంది.

“ఇక్కడ కాలు ఎందుకు తేల్చారు?” అని అడిగింది.

“తేల్చానా?”

“తేల్చారు. గీత పడిపోయింది చూడండి. రోడ్డు ఖాళీ. మలుపు లేదు, గేదె లేదు.”

రోడ్డును వెనక్కి తిప్పి మళ్ళీ నడిపింది. ఈసారి ఇద్దరూ చూశారు. అంచున, ఎండలో, ఒక ఆడమనిషి చెయ్యెత్తి నిలబడి ఉంది. లారీ దగ్గరవుతుండగా అంకమరావు పాదం పెడల్ మీద నుంచి కాగితమంత ఎత్తు లేచింది. ఒక్క క్షణం నిలిచి, మళ్ళీ దిగింది. లారీ సాగిపోయింది.

“ఓ, అదా!” అన్నాడు అంకమరావు, సిగ్గుపడినట్టు నవ్వి. “అది పాత జబ్బులే డాక్టరమ్మా. ఎనకటికి చెయ్యెత్తితే ఆపేవాళ్ళం. ఇప్పుడు ఆపితే మళ్ళీ ఎత్తుకోవడానికి ఎంత డీజిలు తాగుద్దో, మా ఓనరు ఫోన్లో అన్నీ కనపడతాయి. ఆపటం మానేసి చాన్నాళ్ళయింది. కాలికి ఇంకా తెలిసినట్టు లేదు.”

అతని కాలు ఆ సమయానికి వేల లారీలలో ఉంది.

విరజ కనుగొన్నది అదే. డీజిలును ఇంజను కన్నా ఎక్కువగా డ్రైవరు కాలే తాగుతుందని ఆమెకు అనుమానం. అనవసరంగా తొక్కే కాలు, ఆలస్యంగా వదిలే కాలు. అంకమరావు కాలు అలా చేయదు. ఎదురుగా వచ్చేది కంటికి పూర్తిగా ఆనకముందే అది తేలుతుంది, ఒదుగుతుంది. ఆ కదలికను పట్టీతో పట్టి, పెడల్ కింద అమర్చే చిన్న పెట్టెలోకి ఎక్కిస్తే, బండి ముందున్న కెమెరా చూసినదానికి ఆ పెట్టె అంకమరావులాగే స్పందించేది. డ్రైవరు స్టీరింగు, బ్రేకు చూసుకుంటే చాలు. మిగిలిన పని పెట్టెది. పెట్టెలోని కాలు కలకాలం నిలిచేది కాదు. కొన్ని నెలలకు పులిసిపోయేది. మళ్ళీ అంకమరావును కూర్చోబెట్టి కొత్తగా ఎక్కించాలి. చుక్క మజ్జిగతో కుండెడు పాలు తోడుకున్నట్టు ఉందని విరజే ఒకసారి అంది. ఆనాటి నుంచి ప్రయోగశాలలో దానికి తోడు అనే పేరు స్థిరపడింది. క్లీనర్లు పోయి ఒంటరిగా తోలుతున్న డ్రైవర్లకు ఆ మాట వేరే విధంగా వినిపించింది. వాళ్ళు ఆ పెట్టెను పెద్దాయన అని పిలిచేవారు. “పక్కన ఎవరూ లేరా?” అంటే, “కింద పెద్దాయన ఉన్నాడుగా” అనేవారు.

ఆ కాగితమంత కదలిక సంగతి విన్న పట్టాభి, ఆ పెట్టెలు అమ్మే సంస్థ అధిపతి, వెంటనే లెక్క చూసుకున్నాడు.

“ఒక బండిలో అది చుక్క. అన్ని బండ్లలో కలిపితే చెరువు. దాన్ని తీసెయ్యండి.”

“తీసి చూశాం,” అంది విరజ. “ఆ ముక్క కత్తిరిస్తే మిగతాదంతా మొద్దుబారిపోతోంది. గేదెకూ తేలదు, మలుపుకూ తేలదు. అన్నీ ఒకే వేరు నుంచి వస్తున్నాయి.”

“అయితే ఆయనే మర్చిపోవాలి. తెర మీద చెయ్యెత్తిన మనుషుల్నే చూపించండి. కాలు తేలినప్పుడల్లా చిన్న చురుక్కు. అలవాటుగా వచ్చింది అలవాటుగానే పోతుంది.”

“అది అలవాటో కాదో నాకు తెలియదు.”

పట్టాభి చెడ్డవాడు కాదు. అతను నిజంగానే ఆలోచించి అన్నాడు. “విరజ గారూ, ఆ కదలిక బండిని ఆపదు. నిలబడ్డ మనిషికి దానివల్ల ఒరిగేది లేదు. డీజిలు మాత్రం పోతుంది. చేతకాని దయను మీరు చదివే ఆ తత్వ గ్రంథాల్లో ఏమంటారో నాకు తెలియదు. ఇక్కడ వృథా అంటాం.”

ఆ సాయంత్రం విరజ తన గదిలో, ముసుగు కప్పి ఉంచిన కారు కనిపించే కిటికీ పక్కన కూర్చుని, అదే ప్రశ్నను తిరగేసింది. చర్యగా మారని దయ దయ అవుతుందా? మనసులో కదిలి, కాలి దాకా వచ్చి, అక్కడే ఆరిపోయేది దేని కోవలోకి వస్తుంది? కందుకూరులో ఉన్న అక్క ఫోన్ చేసింది. ఎప్పుడొస్తావని అడిగింది. విరజ నోటి నుంచి ఆలోచన లేకుండానే వచ్చింది: “ధర దిగాక వస్తానక్కా.” అక్క సరేనంది. ఇద్దరూ ఫోన్ పెట్టేశారు.

మరునాడు అంకమరావుకు అన్నీ విప్పి చెప్పింది. వద్దంటే మానేస్తామని కూడా చెప్పింది. అతను వద్దనాలని తాను కోరుకుంటున్నట్టు చెప్పేటప్పుడు గానీ ఆమెకు తెలియలేదు.

అతను వద్దనలేదు. “తీసెయ్యండమ్మా,” అన్నాడు. “మీకోసం కాదు, నాకోసమే తీసెయ్యండి. చెయ్యెత్తిన మనిషిని దాటిపోతే ఒక బాధ. కాలు తేలి, మళ్ళీ దించి దాటిపోతే రెండు బాధలు. అద్దంలో చూస్తానా, వాళ్ళు ఒక అడుగు ముందుకేసి ఉంటారు, ఆగుద్దని. ఆపేది లేనప్పుడు ఆశ పెట్టడం ఎందుకు చెప్పండి?”

అభ్యాసం మొదలైంది. తెర మీద రోడ్డు, రోడ్డు పక్కన చేతులు. గాజుల చేతులు, ముడతల చేతులు, సంచీ పట్టుకున్న చేతులు. కాలు తేలితే పట్టీ చురుక్కుమనేది. మొదటి వారం అంకమరావు జోకులు వేశాడు. “ఇంతమంది చెయ్యెత్తితే నేను ఎలక్షన్లో నిలబడొచ్చు.” తర్వాత జోకులు తగ్గాయి. మధ్యాహ్నాలు అతని భార్య కోటమ్మ క్యారేజీ తెచ్చేది. ఆమె తెరను చూసి మూతి తిప్పేది.

“మా ఆయన కాలు వేల బండ్లలో తిరుగుతుందంటగా డాక్టరమ్మా. ఇంట్లో మాత్రం ఒక్కటీ ఉండదు.”

“ఇక్కడే ఉన్నానుగదే, కళ్ళు కనపడవా?” అన్నాడు అంకమరావు.

“కనపడతన్నావు. చెయ్యెత్తినా పలక్కుండా అద్దాల్లోకి చూస్తా కూర్చున్నావు. పప్పు చల్లారిపోతంది, దిగు.”

వేసవి ముగిసే సమయానికి చేతుల దగ్గర గీత తిన్నగా నిలిచింది. చేతులు వచ్చాయి, పోయాయి. పాదం కదల్లేదు. గేదెకు తేలింది, మలుపుకు తేలింది. మనిషికి తేలలేదు. విరజ ఆ గీతను చాలాసేపు చూసింది. శాస్త్రంలో ఇంత శుభ్రమైన ఫలితం ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

“ఎలా ఉంది?” అని అడిగింది.

“ఏమీ లేదు,” అన్నాడు అంకమరావు. కాస్త ఆశ్చర్యంగా, కాస్త హాయిగా. “ఏమీ లేదమ్మా. తేలిగ్గా ఉంది.”

కొత్త తోడు అన్ని బండ్లలోకీ ఎక్కింది. చెరువంత డీజిలు మిగిలింది. పట్టాభి ప్రయోగశాలలో అందరికీ పూతరేకులు పంచాడు. కోటమ్మ మాత్రం, ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి, వెళ్ళబోయి ఆగింది.

“నిద్ర బాగా పడతంది ఆయనకి. అది మంచిదేగా?”

“మంచిదే,” అంది విరజ.

“మొన్న పక్కింటోళ్ళ ముసలాయన మెట్ల మీద జారిపడ్డాడు. ఈయన అరుగు మీదే ఉన్నాడు. చూశాడు. లేవలా. నేను కేకేస్తే అప్పుడు లేచి, ఎత్తి, ఆసుపత్రికి కూడా ఆయనే తీసకపోయాడు. మంచోడే డాక్టరమ్మా, మంచితనం యాడికీ పోలా. కాస్త ఆలీసంగా వస్తంది, అంతే.”

విరజ ఆ మాటను రాసుకోలేదు. రాసుకోవలసిన అవసరం కలగలేదు. అది తనంతట తానే నిలిచిపోయింది.

చలి మొదలయ్యాక మస్తాన్ అనే డ్రైవరు పెట్టె చెడిందని బండిని గిడ్డంగి ముందు ఆపాడు. విరజ పరీక్షించింది. పెట్టెలో లోపం లేదు.

“లేకపోవటమేంది మేడమ్! పెద్దాయనకి ఏదో అయింది,” అన్నాడు మస్తాన్. “మనిషి మారిపోయాడు. ఇంతకు ముందు తోడుండేవాడు. ఇప్పుడు మిషనే ఉంది.”

“ఇంతకు ముందేం చేసేవాడు?”

“ఎవరన్నా చెయ్యెత్తారనుకో, బండి రవ్వంత ఊపిరి బిగబట్టేది. అప్పుడు నాకు తెలిసేది, ఎవరో ఉన్నారని. చూసేవాణ్ణి. మరీ ముసలోళ్ళో, పసిబిడ్డతోనో ఉంటే బ్రేకు మీద కాలేసేవాణ్ణి. అన్నిసార్లూ కాదులే, ఓనరు తిడతాడు. కానీ పెద్దాయనే ఆగబోయినాక నేను ఆపకపోతే బాగుండదుగా, ఏమంటారు? ఇప్పుడు ఆయన ఆగడు. నేను చూసేలోపు దాటిపోతన్నా. దాటినాక ఎవడు ఆపుతాడు మేడమ్?”

విరజ ఆ రోజంతా పాత రికార్డులు తీసి చూసింది. వాటిలో ఏ రహస్యమూ లేదు. తేలిన కాలును పెట్టె ఖాతాలో, పడిన బ్రేకును డ్రైవరు ఖాతాలో వేర్వేరుగా వేసి, రెంటినీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. పక్కపక్కన పెట్టగానే కనబడింది. అంకమరావు కాలు తేలిన చోట, ఎన్నో చోట్ల, ఇంకెవరిదో కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఒకరిలో పూర్తికాని దయ మరొకరిలో పూర్తయింది. దానికి కావలసినది ఒక్క క్షణం. ఆ క్షణాన్నే తాము వృథా అని తీసేశారు. కొత్త తోడు వచ్చాక పొదిలి రోడ్డు మీద లారీలు మనుషుల కోసం ఆగడం దాదాపు లేకుండా పోయింది. బస్సులు ఏనాడో తగ్గాయి. జామాయిల్ కొట్టే కూలీలు పనికి నడిచి వెళ్ళి, నడిచి వస్తున్నారు.

అంకమరావును పిలిపించి చెప్పింది. అతను విని, చాలాసేపు తన కుడిపాదాన్ని చూసుకుంటూ కూర్చున్నాడు, అది ఎవరో తెచ్చి అక్కడ పెట్టిన వస్తువులాగా.

“అంటే నాది వేస్టు కాదన్నమాట,” అన్నాడు చివరికి.

“కాదు.”

“వాళ్ళు ఆపారా?”

“చాలామంది ఆపారు.”

“నాకు తెలవదే. నేను దించేసి పోయాననుకున్నా.” “మళ్ళీ తోడు ఎప్పుడు పెట్టాలి?”

“సంక్రాంతి దాటాక. కానీ మీ కాలులో ఇప్పుడు అది లేదు. లేనిదాన్ని నేను పట్టలేను. తెర మీద చేతులు చూపించి రప్పించలేను. చురుక్కుతో పోగొట్టగలిగాం గానీ, చురుక్కుతో తెప్పించే దారి లేదు.”

“ఎట్టా వచ్చింది మొదట?”

విరజ ఆలోచించింది. “ఆపేవారు గనక వచ్చింది. ముందు ఆపడం. తర్వాత కాలు నేర్చుకుంది.”

“అయితే ఆపుతా.”

పట్టాభి ఒప్పుకోలేదు. పోట్లాడనూ లేదు. “సంక్రాంతి దాకా మీ ఇష్టం. గీతలో ఏదైనా కనిపిస్తే అప్పుడు మాట్లాడదాం. కనిపించకపోతే, ఉన్న కాలునే తోడు పెడతాం,” అన్నాడు.

విరజ ఒక పాత లారీ అద్దెకు తీసుకుంది. పెట్టె విప్పించింది. అంకమరావు తన కాలితోనే తోలాలి. పిక్కకు పట్టీ చుట్టి, తాను క్లీనరు సీటులో, ఒడిలో చిన్న తెరతో కూర్చుంది. ఆ సీటులో ఎవరూ కూర్చుని ఎంత కాలమైందో, స్ప్రింగులు ఆమె బరువుకు అలవాటు పడటానికి కాసేపు పట్టింది.

చీమకుర్తి దాటాక ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యెత్తారు. గీత కదల్లేదు. లారీ వాళ్ళను దాటి చాలా దూరం వచ్చాక అంకమరావు తల కొట్టుకున్నాడు.

“చూశానమ్మా. చెయ్యి చూశా, మనుషుల్నీ చూశా. కాలికి చెప్పటం మర్చిపోయా.”

“ఇంతకు ముందు చెప్పేవారా?”

“చెప్పేవాణ్ణి కాదు. అదే నాకు చెప్పేది.”

అక్కడి నుంచి అతను రోడ్డు అంచునే చూస్తూ తోలాడు. విరజ అతని ముఖాన్ని చూసింది. పరీక్ష రాస్తున్న మనిషి ముఖం. ఒకప్పుడు ఊపిరి తీసినంత సులువుగా చేసిన పనిని ఇప్పుడు పలకా బలపం పట్టి దిద్దుతున్నాడు. తన గ్రంథాలు ఇలాంటి మనిషినే గొప్పవాడంటాయని ఆమెకు గుర్తొచ్చింది: ప్రేరణ లేకపోయినా కర్తవ్యం చేసేవాడు. ఆ వాక్యం రాసినవాళ్ళు అలాంటి మనిషి పక్కన కూర్చుని ప్రయాణం చేసి ఉండరని ఆమె అనుకుంది.

కొండలు దగ్గరపడుతున్న చోట, నీడ లేని రోడ్డు పక్కన, మూటతో ఒక ముసలామె కనిపించింది. చెయ్యెత్తింది. పూర్తిగా కాదు, అడగడం అలవాటు తప్పినవాళ్ళు ఎత్తినట్టు, భుజం దాకా.

గీత కదల్లేదు.

అంకమరావు పళ్ళు బిగించి బ్రేకు తొక్కాడు. లారీ ఊగి, కీచుమంటూ, ఆమెను దాటి అర ఫర్లాంగు పోయి ఆగింది. ఇద్దరూ అద్దంలో చూశారు. ఆమె కదల్లేదు. లారీ వైపు ఒకసారి చూసి, ముఖం తిప్పుకుని, వెనక నుంచి ఇంకేదైనా బండి వస్తుందేమోనని చూస్తూ నిలబడింది.

అంకమరావు హారన్ కొట్టాడు. ఆమె మూటతో సహా రోడ్డు అంచు నుంచి ఇంకో అడుగు వెనక్కి జరిగింది.

“దారి ఇమ్మంటన్నాననుకుంది,” అన్నాడు మెల్లగా.

“వెనక్కి తీసుకెళ్దామా?”

“మీదికొస్తన్నానని పరిగెడుద్ది.” ఇంజను ఆపాడు. తలుపు తెరిచి దిగాడు. పిక్క పట్టీ తీగ విరజ ఒడిలోని తెర నుంచి లాగుకుని ఊడిపోయింది. ఆమె దాన్ని మళ్ళీ తగిలించలేదు. తెరను సీటు మీద పెట్టి తానూ దిగింది.

ఎండలో వెనక్కి నడిచారు. చెప్పుల కింద కంకర చప్పుడు చేసింది. రోడ్డు మీద వేరే బండి లేదు. ముసలామె వాళ్ళు రావడం చూసింది. చూస్తున్నకొద్దీ మూట ముడి మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

“ఏందయ్యా, టైరు పోయిందా?” అని దూరం నుంచే అడిగింది.

“లేదమ్మా. బండి బాగానే ఉంది.”

“మరెందుకు ఆపావు?”

“నువ్వు చెయ్యెత్తావుగా. నీకోసమే ఆపా.”

ఆమె లారీని చూసింది. అతన్ని చూసింది. అతని వెనక నిలబడిన విరజను, ఆమె ఇస్త్రీ చీరను చూసింది. ముఖంలో భయం కొద్దికొద్దిగా కమ్ముకుంది.

“నాకోసమా?” అంది. “నేనేం చేశానయ్యా?”

అంకమరావు మూట కోసం చెయ్యి చాచాడు. ఆమె దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అతను చాచిన చెయ్యి దించలేదు. ముగ్గురూ అలాగే నిలబడ్డారు. దూరంగా, రోడ్డు మీద, లారీ తలుపు తెరిచే ఉంది.